హాస్టల్లో సర్క్యూట్ బోర్డు చేస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. అమ్మమ్మ మోకాలికి మందు మార్చారు, మేడ మెట్లు ఎక్కుతోంది. పెరట్లో గోంగూర ఏపుగా ఉంటే పచ్చడి పెట్టాను, నీ సీసా వేరే తీశాను.

నీ గదిలో నేలంతా పసుపు మరకలనీ, నీ చేతికి కట్టుందనీ రమణక్క వాళ్ళమ్మాయి అందట. అది అలా ఉంచు. లేజర్ ప్రింటు గీతల్ని ఇస్త్రీపెట్టెతో రాగిరేకు మీదికి దింపి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించి చేస్తున్నావే, ఆ నీ బోర్డు గురించి రాద్దామని కూర్చున్నాను.

నువ్వు పంపిన ఫోటోలో ట్రాకులు, అదే కరెంటు పోయే రాగి గీతలు, అక్కడక్కడా తెగాయి. ప్రింటర్లో టోనర్ సేవ్ (పొడి తక్కువ వాడే సెట్టింగు) తీసేసి, నలుపు పూర్తిగా పెట్టు. సైజు సరిగ్గా 100 శాతం ఉండాలి. ప్రింటు మీద 40 కాళ్ళ ఐసీ (చిప్పు) పెట్టి చూడు, ఒక వరసలో మొదటి కాలికీ చివరి కాలికీ మధ్య 48.26 మిల్లీమీటర్లు రావాలి. ఇంక్‌జెట్ దగ్గరికి వెళ్ళకు. టోనరంటే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి రాగిని పట్టుకుంటుంది. సిరాకి ఆ గుణం లేదు.

రాగిని స్కాచ్‌బ్రైట్‌తో మెరిసేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. ఆ తర్వాత వేలు తగలనివ్వకు, వేలి జిడ్డు ఉన్నచోట టోనరు అంటదు. ప్రింటుని రాగి మీద బోర్లా వేసి, ఇస్త్రీపెట్టెని కాటన్ సెట్టింగులో పెట్టు, ఆవిరి వద్దు. మూడు నాలుగు నిమిషాలు సమంగా నొక్కి, అంచుల్ని పెట్టె కొసతో విడిగా నొక్కు. బలమంతా పెట్టావంటే కరిగిన టోనరు పాకి పక్క ట్రాకుతో కలిసిపోతుంది. అందుకే ట్రాకు అర మిల్లీమీటరు, ఖాళీ 0.4 అయినా ఉంచమంటాను. కాగితాన్ని పొడిగా పీకొద్దు. పావుగంట నీళ్ళలో నానబెట్టి బొటనవేలితో రుద్దు. ట్రాకుల మధ్య కాగితం పీచు మిగిలితే దాని కింద రాగి కరగదు, షార్ట్ అవుతుంది.

ఆ కట్టు ఇస్త్రీపెట్టె చురక వల్లా, ఫెర్రిక్ క్లోరైడ్ వల్లా? కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టాలి. ద్రావణం పడినా కుళాయి కిందే, పావుగంట తక్కువ కాకుండా. కంట్లో పడితే అలాగే కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

శీను బాబాయి ట్యాంకు మోటారు బోర్డు నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. కింది పొరని, అంటే రాగి వైపు గీతల్ని, సాఫ్ట్‌వేర్ చూపించినట్టే ప్రింటు తీయాలి, బోర్డు మీద బోర్లా వేసినప్పుడు అదే తిరుగుతుంది. కాగితం మీద అక్షరాలు తిరగబడి ఉంటేనే రాగి మీద సరిగ్గా చదవగలం. బాబాయి మిర్రర్ (బొమ్మని ఎడమ కుడి తిప్పేది) కూడా నొక్కాడు. రంధ్రాలన్నీ వేశాక చూస్తే ఐసీ కాళ్ళు ఎడమవి కుడికొచ్చాయి. చివరికి ఐసీని రాగి వైపు నుంచి పెట్టి అతికించాడు, మోటారు తిరిగింది. ఆ సంబరంలో మిగిలిన ద్రావణాన్ని పిన్ని కొత్త స్టీలు సింకులో పారబోశాడు. ఫెర్రిక్ క్లోరైడ్ రాగిని తిన్నట్టే స్టీలునీ తింటుంది. సింకంతా గుంటలు పడింది, కింద గొట్టం బిగింపు కారడం మొదలెట్టింది. పిన్ని ఆ నెలంతా గిన్నెలు పెరట్లోనే తోమింది.

అందుకే చెప్తున్నా, ప్లాస్టిక్ ట్రేలోనే చెయ్యి. నీళ్ళు ముందు పోసి, పొడిని కొంచెం కొంచెంగా వెయ్యి, పొడి మీద నీళ్ళు పోస్తే వేడెక్కి చిమ్ముతుంది. పావు లీటరు నీళ్ళకి 100 గ్రాములు చాలు. ట్రేని వేడినీళ్ళ టబ్బులో పెట్టి ఊపుతుంటే తొందరగా అవుతుంది. కిటికీ తెరువు. హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి చేస్తే ఇంకా వేగమని ఎవరైనా చెప్పినా నువ్వు పడుకునే గదిలో మాత్రం వద్దు తల్లీ, క్లోరిన్ వస్తుంది. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలువలో పోయకు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పేరు రాసి, కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇవ్వు. తాగునీళ్ళ సీసాలో అస్సలు పోయకు, చూస్తే అచ్చం టీలా ఉంటుంది, నీ రూమ్మేటు తాగితే?

కట్టు సంగతి అడిగితే కోప్పడతానని ఫోన్ ఎత్తడం లేదా? కోప్పడను. చెయ్యి ఫోటో పంపు, కట్టు విప్పి.

గాగుల్సూ, రెండు జతల రబ్బరు తొడుగులూ, ముక్కుకి మాస్కులూ పచ్చడితో పాటు పంపిస్తున్నాను. ఎఫ్‌ఆర్4 (గాజుపీచు) బోర్డు డ్రిల్ చేస్తే గాజు పొడి లేస్తుంది, మాస్కు అప్పుడు తప్పనిసరి. బిట్లు కార్బైడువి, చేత్తో పట్టుకుని కొడితే పుటుక్కున విరుగుతాయి, డ్రిల్లుని స్టాండుకి బిగించు. రెసిస్టర్లకీ ఐసీలకీ 0.8, కనెక్టర్లకీ పెద్ద డయోడ్లకీ 1 మిల్లీమీటరు. కలిసిపోకుండా విడివిడిగా కట్టి పేర్లు రాశాను.

అమ్మ