డెడమ్‌లోని ఇల్లు దుంగల గుడిసె కాదు

సంపాదకుడు గారికి,

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో మసాచుసెట్స్ రాష్ట్రం డెడమ్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటి గురించి వచ్చిన వ్యాసం చదివి అప్పటికి తమాయించుకున్నాను గానీ, బోస్టన్‌లోని మా తెలుగువాళ్లు ఆ రాతలే నిజమనుకుని ఒకరికొకరు పంపుకోవడం చూశాక ఇక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది 'దుంగలు పేర్చిన గుడిసె' అని రాశారు. దుంగల ఇళ్ల పద్ధతిని 1638 నుంచి డెలావేర్ నదీ తీరంలో స్థిరపడిన స్వీడన్, ఫిన్లాండ్ వలసదారులు తెచ్చుకున్నారు. యార్క్‌షైర్ నుంచి వచ్చి ఈ ఇల్లు కట్టించుకున్న జోనథన్ ఫెయిర్‌బ్యాంక్స్‌ది ఇంగ్లండ్ వడ్రంగుల పనితనం. ఓక్ దూలం కొన చెక్కి, స్తంభంలో తొలిచిన తొర్రలోకి దించి, అడ్డంగా చెక్క మేకు దిగగొట్టి బిగించారు. కప్పు బరువును మోసేది ఆ చట్రమే. నేను చూడబోయినప్పుడు గుమ్మం దగ్గర తల వంచి లోపలికి అడుగుపెట్టాను. నెత్తి మీద నల్లబడిన దూలం, కాళ్ల కింద ఒక పక్కకు వాలిన నేల. దాన్ని గుడిసె అనడానికి మనసెలా ఒప్పింది?

'అమెరికాలోకెల్లా పాత ఇల్లు' అన్నదీ తప్పే. కలపలోని వలయాలను లెక్కగట్టి, ఆ చెట్లను 1637–1641 మధ్య నరికారని తేల్చారు. ఉత్తర అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న చెక్క చట్రపు ఇళ్లలో ఇది అన్నిటికన్నా పాతది, అంతే. న్యూ మెక్సికోలోని టావోస్ ప్యూబ్లోలో ఆదివాసులు అంతకు ఎన్నో తరాల ముందే కట్టుకున్న మట్టి ఇళ్లలో ఇప్పటికీ కాపురాలున్నాయి. వాళ్లను ఒక్క వాక్యంతో లేనట్టే చేశారు.

పైగా 'ప్రభుత్వం కంటికి రెప్పలా కాపాడింది' అట! ఆ ఇంట్లో 20వ శతాబ్దం ఆరంభం వరకు ఎనిమిది తరాలుగా ఉన్నది ఆ కుటుంబమే. తర్వాత మ్యూజియంగా నడుపుతున్నదీ వంశస్థుల సంఘమే. ప్రభుత్వ శ్రద్ధ ఎంతటిదో తెలియాలంటే బోస్టన్‌లోని జాన్ హాన్‌కాక్ ఇంటి సంగతి చదవాలి. స్వాతంత్ర్య ప్రకటనపై తొలి సంతకం చేసి, ఆ రాష్ట్రానికి తొలి గవర్నరైన మనిషి ఇల్లది. ఆయన బాబాయి 1730లలో కట్టించిన రాతి కట్టడం. దాన్ని కొని నిలబెట్టడానికి రాష్ట్రానికీ నగరానికీ చేతులు రాలేదు, 1863లో నేలమట్టమైంది. పాత కట్టడాల విషయంలో ఇక్కడి అధికారుల తీరు అలా ఉండేదన్నమాట. అలాంటప్పుడు వాళ్లు చేయని మేలును వాళ్ల ఖాతాలో వేయడం ఏ పత్రికకైనా తగని పని.

వేసిన ఫొటో సైతం ఆ ఇంటిది కాదు. సవరణను ఏ మూలనో రెండు పంక్తులుగా కాకుండా అదే అనుబంధంలో, నడుమ కాస్త కుంగిన కప్పు స్పష్టంగా కనిపించే అసలు ఇంటి ఫొటోతో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
బోస్టన్ నుంచి మీ పాఠకుడు