చరిత్ర పఠన బృందం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నెలవారీ సమావేశాలన్నీ ఒకే అంశం మీద సాగాయి: ఐరోపా నిరంకుశ రాజులు, వాళ్ల ఏలుబడిలోనే తలెత్తిన జ్ఞానోదయ భావాలు (దేన్నైనా తర్కంతో ప్రశ్నించాలన్న 18వ శతాబ్దపు ఆలోచనాధోరణి). అంశం ఖరారైన రోజున "ఫ్రాన్సు రాజుల గొడవ కాకినాడలో మనకెందుకండీ?" అన్నవారే ఏడాది పొడవునా ముందు వరుసలో కూర్చున్నారు.

ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీతో మొదలుపెట్టాం. కుర్రతనంలో తన మీద తిరగబడ్డ ప్రభువర్గాన్ని ఆయన మరిచిపోలేదు. 1661లో ప్రధానమంత్రి మజరిన్ చనిపోయాక పగ్గాలు తానే పట్టాడు. 1682లో కొలువును పారిస్ దగ్గరి వెర్సాయ్ రాజభవనానికి మార్చాక, ఆ ప్రభువులే రాజుగారు పడుకోబోయే వేళ కొవ్వొత్తి పట్టుకునే భాగ్యం ఇవాళ ఎవరిదా అని ఎదురుచూసేవారు. మన మాస్టారొకరు ఈ తతంగాన్ని అభినయించి చూపితే హాలంతా నవ్వులే. 1685 దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. ప్రొటెస్టెంట్లకు రక్షణగా ఉన్న నాంట్ శాసనాన్ని లూయీ ఆ ఏడాది రద్దు చేశాడు. సుమారు 2 లక్షల మంది దేశం విడిచిపోయారు. హాలెండ్ చేరినవాళ్లలో కొందరు అక్కడి అచ్చుయంత్రాల దన్నుతో రాజును ఏకిపారేశారు. రాజు మీద విమర్శకు రాజే గూడు కట్టించినట్టయింది.

పాలనాధికారానికి ప్రజల సమ్మతే ఆధారమన్న తత్వవేత్తలు లాక్, రూసోలను ఒకే సమావేశంలో కుక్కాం. అది చాలలేదని అందరూ అన్నారు, నిజమే. రూసో 'సామాజిక ఒడంబడిక'ను 1762లో తగలబెట్టించింది పారిస్ కాదు, రాజే లేని ఆయన సొంతూరు జెనీవా అన్నది మాత్రం చాలామందికి కొత్త సంగతి.

వాదన ముదిరింది ఫ్రెడరిక్, కేథరిన్‌ల దగ్గర. ప్రష్యా ఫ్రెడరిక్ 1740లో గద్దెనెక్కగానే విచారణలో చిత్రహింసలను చాలావరకు ఆపించాడు. అధికారం కోసం రాజు మోసానికైనా వెనకాడక్కర్లేదన్న ఇటలీ రచయిత మాకియవెల్లిని ఖండిస్తూ ఆయన రాసిన పుస్తకం ఫ్రెంచి రచయిత వోల్టేర్ చేతుల మీదుగా అదే ఏడాది అచ్చయింది. అదే డిసెంబరులో ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియా మీదికి సైన్యాన్ని నడిపాడు!

రష్యా రాణి కేథరిన్ 1765లో విజ్ఞాన సర్వస్వం కూర్చిన ఫ్రెంచి రచయిత దిదెరో గ్రంథాలయాన్ని 15,000 లీవ్రలకు (అప్పటి ఫ్రెంచి నాణెం) కొని, బతికున్నంత కాలం పుస్తకాలు ఆయన దగ్గరే ఉండనిచ్చి, పైగా వాటికి ఆయన్నే జీతమిచ్చి గ్రంథపాలకుడిగా పెట్టుకుంది. ఇది ఔదార్యమా, కొనుగోలా? మన సభ్యులు రెండుగా చీలిపోయారు. రెండూ అని నా అభిప్రాయం. 1767లో కొత్త చట్టాలు రాయడానికి ఆమె ఇచ్చిన నిర్దేశాల్లో, అధికారాలను విభజించాలన్న ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ మాటలు పుష్కలంగా ఉన్నాయి. 1773లో దిదెరో పీటర్స్‌బర్గ్ వెళ్లి సంస్కరణల గురించి చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నది. భూస్వాముల కింది రైతుల బానిసత్వం మాత్రం అలాగే ఉంది. 1785లో ప్రభువర్గానికి హక్కుల పత్రం దక్కింది. రాజులను ఒప్పిస్తే చాలుననుకున్న మేధావుల లెక్క ఎక్కడ తప్పిందో ఈ ఒక్క ఉదంతంలో తెలుస్తుంది.

ఆస్ట్రియా రెండో జోసెఫ్ గురించి సమయం చాలక పైపైనే చెప్పుకున్నాం. వెట్టిరైతులకు ఊరట ఇచ్చింది, మతసహనానికి శాసనం చేసింది (1781) ఆయనే కాబట్టి వచ్చే ఏడాది మళ్లీ తీసుకోవాలి.

ఇక "మనకెందుకు?" అన్న ప్రశ్న సంగతి. 1756లో ఫ్రెడరిక్ పొరుగు జర్మన్ రాజ్యం సాక్సనీలో సైన్యంతో అడుగుపెట్టడంతో ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం రాజుకుంది. అప్పటికే తగువులో ఉన్న ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఆ యుద్ధకాలంలోనే 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో తలపడ్డారు. ఫ్రెంచివాళ్లు ఓడారు. మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట కూడా ఇంగ్లీషువాళ్ల పరమైంది. చందుర్తి చూసొద్దామని యువ సభ్యులు అడుగుతున్నారు. సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం అనుకుంటున్నాం, వచ్చేవారు ముందుగా పేర్లివ్వాలి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదువుతారు. హాలు అద్దె పెరిగినందున చందా కొంత పెంచక తప్పదని కార్యవర్గం భావిస్తోంది. ఈ సభలోనే నిర్ణయించాలి. బృందం పుస్తకాలు ఇంట్లో ఉంచుకున్నవారు దయచేసి తెచ్చివ్వండి, మాంటెస్క్యూ కోసం ముగ్గురు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
కార్యదర్శి