అమెజాన్‌ను ‘మనిషి చెయ్యి పడని అడవి’ అనకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

అమెజాన్ అడవిలో కార్చిచ్చు రేగినప్పుడల్లా, నరికివేత లెక్కలు వెలువడినప్పుడల్లా మన పత్రికల్లో వచ్చే వార్తలను, వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటిలో ‘మనిషి చెయ్యి పడని అడవి’, ‘ఆదికాలం నుంచి చెక్కుచెదరని ప్రకృతి’ అనే మాటలు తరచుగా కనిపిస్తుంటాయి. అడవి మీది ప్రేమతోనే అలా రాస్తారని తెలుసు. కానీ అవి నిజం కావు; పైగా అక్కడ వేల ఏళ్లు బతికిన జనం చేసిన గొప్ప పనిని అవి లేనట్టే చేస్తాయి. ఆ పనికి సాక్ష్యం అడవి నేలలోనే ఉంది.

వరద నీరు అందని ఎత్తు ప్రాంతాల్లో అమెజాన్ మట్టి చాలావరకు పసుపు, ఎరుపు రంగుల్లో ఉండే నిస్సారమైన నేల. ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన అందులోని పోషకాలను ఎప్పుడో కడిగేసింది. మిగిలిన ఆమ్లగుణం వల్ల అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. పైన కనిపించే పచ్చదనమంతా రాలిన ఆకు కుళ్లగానే వేళ్లు ఆ సారాన్ని అందిపుచ్చుకోవడం వల్ల నిలిచినదే. అందుకే చెట్లు కొట్టి కాల్చి సాగు చేస్తే, ఆ బూడిద బలం రెండు మూడేళ్లకే తీరిపోతుంది. అలాంటి నేల మధ్యలో, నెగ్రో, సోలిమోయిస్ నదులు కలిసే మనౌస్ పరిసరాల్లో, టపజోస్ ఒడ్డున సాంటరెమ్ దగ్గర, ఎగువ షింగు ప్రాంతంలో, ఇంకా అనేక చోట్ల కాటుకలాంటి నల్లమట్టి మడులు మడులుగా కనిపిస్తుంది. బ్రెజిల్ రైతులు దాన్ని ‘టెర్రా ప్రెటా దో ఇండియో’, అంటే ఆదివాసుల నల్లమట్టి అంటారు.

పురాతత్వవేత్తలు తవ్విన గుంత ఛాయాచిత్రం ఒక్కటి చూసినా విషయం తేటపడుతుంది. అడుగున పసుపు నేల, దాని మీద అర మీటరు మందాన, కొన్ని చోట్ల రెండు మీటర్ల వరకు నల్లటి పొర. ఆ పొర నిండా కుండపెంకులు, చేప ముళ్లు, జంతువుల ఎముకలు, బొగ్గు ముక్కలు. పొయ్యిలోని బూడిద, కర్రపెండలం తొక్కలు, తిని పారేసిన ఎముకలు, మలమూత్రాలు తరతరాలుగా పెంటకుప్పల్లో కలిసి ఈ మట్టి తయారైంది. భాస్వరం, కాల్షియం ఎక్కువగా ఎముకల నుంచే వచ్చాయి. వాటిని వానకు కొట్టుకుపోనివ్వకుండా పట్టి ఉంచినది బొగ్గు. చుట్టుపక్కల నేలతో పోలిస్తే ఇందులో బొగ్గురూపంలోని కార్బన్ 70 రెట్ల వరకు ఉన్నట్టు పరిశోధకులు కొలిచారు. గాలి సరిగా ఆడని నెమ్మది మంటలో కట్టె కాలితే బూడిదకు బదులు బొగ్గు మిగులుతుంది. సూక్ష్మజీవులు దాన్ని అంత తేలిగ్గా తినలేవు. కాలం గడిచేకొద్దీ దాని ఉపరితలం మారి, కాల్షియం, పొటాషియం వంటి పోషకాలను అంటిపెట్టుకుంటుంది. అందుకే, దాన్ని చేసినవారు వెళ్లిపోయిన వందల ఏళ్ల తర్వాత కూడా ఆ మట్టి పండుతూనే ఉంది.

ఈ మడుల్లో ఎక్కువ భాగం సుమారు 2,500 నుంచి 500 ఏళ్ల కిందటివి. 1542లో స్పెయిన్ అన్వేషకుడు ఒరెయానాతో కలిసి అమెజాన్ నది వెంట ప్రయాణించిన కార్వహాల్ అనే మతగురువు, ఒడ్డున వరుసగా జనంతో కిటకిటలాడే ఊళ్లను చూసినట్టు రాశాడు. ఆ వృత్తాంతంలో యోధ స్త్రీల కథ కూడా ఉండటంతో తర్వాతివారు అన్నింటినీ కట్టుకథగా కొట్టిపారేశారు. ఆ తర్వాత వెళ్లిన యూరోపియన్లకు ఊళ్లు కనిపించకపోవడానికి ప్రధాన కారణం మశూచి వంటి కొత్త రోగాలు, బానిసల వేట. జనం పోయారు, అడవి కమ్ముకుంది, నల్లమట్టి మిగిలింది. 1966లో డచ్ నేలల శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ తన గ్రంథంలో దీన్ని వివరించాక శాస్త్రలోకం క్రమంగా ఇటు చూసింది.

ఇందులో వివాదం లేదని నేను అనను. పోషకాల్లో కొంత నది తెచ్చిన మేట వల్ల చేరిందని 2021లో ఒక బృందం వాదించింది. వరద ఎక్కని గట్ల మీద కూడా ఈ మట్టి ఉందని, కుండపెంకులు నది తెచ్చినవి కావని ఇతరులు గట్టిగా బదులిచ్చారు. తెలిసి చేశారా, చెత్త పోగుపడి దానంతటదే అయిందా అన్నది మరో ప్రశ్న. దానికి నాకు నమ్మదగిన సమాధానం ఎగువ షింగులోని కుయికురో ప్రజల దగ్గర దొరికింది. వారు నేటికీ బూడిద, బొగ్గు, చేపల వ్యర్థాలు, కర్రపెండలం తుక్కు పోగుచేసి, నేల నల్లబడ్డాక, మామూలు మట్టిలో సరిగా రాని పంటలను అందులో వేస్తారు. ఆ మట్టికి వారి భాషలో ప్రత్యేకమైన పేరే ఉంది. 2023లో వెలువడిన పరిశోధన వారి ఊళ్లలోని మట్టిని, పక్కనున్న పాత ఊరి దిబ్బల మట్టిని పోల్చి, రెండూ ఒకే తీరుగా ఉన్నాయని చూపింది. కావాలని చేయని పనికి పేరెందుకు పెడతారు?

‘మనిషి చెయ్యి పడని అడవి’ అన్న ఒక్క మాటదేముంది అనుకోవచ్చు. 1970లో బ్రెజిల్ సైనిక అధ్యక్షుడు మెదిసి, మనుషులు లేని నేలను నేల లేని మనుషులకు ఇస్తామంటూ అమెజాన్‌కు అడ్డంగా రహదారి వేయించాడు. ఆ నేలలో మనుషులున్నారు. ఆ దారి వారి ఊళ్ల మధ్యగా వెళ్లింది, వెంట రోగాలు వచ్చాయి. అడవి ఖాళీ అన్న మాట కాగితం మీదే ఆగిపోలేదు.

ఇప్పుడు మట్టిలో బొగ్గు కలిపే పద్ధతిని బయోచార్ పేరుతో సరికొత్త ఆవిష్కరణగా రాస్తున్నారు. దాని గురించి మీరు ప్రచురించబోయే వ్యాసంలో, ఏ ప్రయోగశాల పేరుకన్నా ముందు ఆ నల్లమట్టిని చేసిన జనం ప్రస్తావన, నేటికీ చేస్తున్న కుయికురోల పేరు ఉండేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు