రెండూ కుడివే, జవాబు మాత్రం లేదు: టోర్షన్ యాక్సిల్ జతపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీసు అధిపతి గారికి (అలాంటివారు ఒకరున్నారనే నమ్మకంతో),

మీ సైటులో ‘మీకు నచ్చిన భాషలో రాయండి’ అన్నచోట తెలుగు కూడా కనబడింది. ఇంగ్లీషులో రాసినవన్నీ చదవకుండానే మూసేశారు. తెలుగులో రాస్తే, చదవకపోవడానికి మీకు కనీసం ఒక న్యాయమైన కారణమైనా ఉంటుంది. ఈ ఉత్తరం నకలు టెక్సస్‌లో సొంతంగా క్యాంపర్ ట్రైలర్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లకూ పంపుతున్నాను.

నేను ఆర్డరు చేసింది టోర్షన్ హాఫ్ యాక్సిళ్ల జత, అంటే ట్రైలర్ చక్రాలను మోసే, లోపలే స్ప్రింగు ఉన్న ఇరుసు ముక్కలు. మధ్యలో అడ్డగొట్టం ఉండదు, ఫ్రేముకు అటొకటి ఇటొకటి బోల్టులతో బిగిస్తాం. వచ్చిన పెట్టెల్లో ఒకదాని మీద ‘కుడి’, రెండోదాని మీద ‘ఎడమ’ అని స్టిక్కర్లున్నాయి. లోపల రెండూ కుడివే. చెప్పుల జత కొంటే రెండూ కుడికాలివే వచ్చినట్టు. ఫోటో కూడా పంపాను: రెంటినీ బ్రాకెట్లు (ఫ్రేముకు బిగించే భాగాలు) పైకుండేలా పక్కపక్కన పెట్టి, స్పిండిళ్లను (చక్రం తొడిగే కడ్డీలను) ఒకే దిక్కుకు తిప్పితే, ఆ స్పిండిళ్లను పట్టుకునే ఆర్ములు కూడా ఒకే దిక్కుకు ఉన్నాయి. నిజమైన జతైతే ఒక ఆర్ము ముందుకూ ఒకటి వెనక్కూ ఉండాలి. ఇది తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు, కళ్లుంటే చాలు.

గోదాములో స్టిక్కర్లు తారుమారు కావడం ఎక్కడైనా జరుగుతుంది. దానికి నేను గొడవపడేవాణ్ణి కాదు. ‘అయ్యో, రేపే ఎడమది పంపిస్తాం’ అని ఒక్క ముక్క అనుంటే ఈ ఉత్తరం పుట్టేదే కాదు. మీరేం చేశారో చెప్తాను, వినండి.

ముందు చాట్‌లోకి వెళ్లాను. మీ బండి ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడిగింది. ఇంట్లో కట్టుకుంటున్న ట్రైలర్ అన్నాను. ‘ఈ పేరుతో మోడల్ లేదు’ అంది. మీ సైటు తెరవగానే కనబడే బొమ్మ ఏమిటో గుర్తుందా? చెట్ల కింద నీటిబొట్టు ఆకారంలో ఒక టియర్‌డ్రాప్ ట్రైలర్, పక్కన ‘మీ చేతులతో మీరే కట్టుకోండి’ అన్న మాట. కట్టుకునేవాడు సాయం అడిగితే మాత్రం అతని బండి మీ జాబితాలో ఉండదు.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదగా మాట్లాడింది, అది ఒప్పుకోవాలి. ‘మీరు రెండు ఆర్డరు చేశారు, రెండు అందాయి, ఆర్డరు పూర్తయింది సార్’ అంది. రెండూ ఒకవైపువే అమ్మా అంటే, పెట్టె మీద ఎడమ అని ఉందా లేదా అని అడిగింది. ఉంది అన్నాను. ‘అయితే అది ఎడమదే సార్’ అంది. అంటే మీ దగ్గర ఇనుముకంటే స్టిక్కరుకే విలువన్న మాట.

టెక్నికల్ విభాగానికి కలపమని బతిమాలితే, బోలెడంత సంగీతం వినిపించి, ఒకాయనకు కలిపారు. ఆయన ఒక క్షణం కూడా ఆలోచించకుండా ‘తిప్పి బిగించండి, సరిపోతుంది’ అన్నాడు. ఎలా సరిపోతుందో ఆయనకు ఎవరైనా నేర్పించండి. కుడి యూనిట్‌ను అడ్డంగా సగం చుట్టు తిప్పి ఎడమవైపు పెడితే ఆర్ము వెనక్కి కాకుండా ముందుకు చూస్తుంది. ఆరంగుళాల ఆర్ము, 22.5 డిగ్రీలు కిందికి వంచినది, చక్రాన్ని బ్రాకెట్‌కు సుమారు ఐదున్నర అంగుళాల వెనక ఉంచాలి. ముందుకు తిప్పితే చక్రం అంతే ముందుకొస్తుంది. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ 11 అంగుళాల తేడా! సరే, బ్రాకెట్‌నే 11 అంగుళాలు వెనక్కి జరిపాం అనుకుందాం. అప్పటికీ ఆ ఆర్ము గుంతలోకి ఎదురుగా పొడుస్తూనే పోతుంది. వెనక్కున్న ఆర్ము గతుకు తగిలితే వెనక్కీ పైకీ జారి దెబ్బను మింగుతుంది. ముందుకున్నది ఆ దెబ్బనంతా ఫ్రేముకు అప్పజెప్తుంది. ఇక తలకిందులుగా తిప్పితే ఆర్ము వెనక్కే ఉంటుంది గానీ, 22.5 డిగ్రీలు కిందికి ఉండాల్సింది పైకి లేస్తుంది. ఒకవైపు 2.3 అంగుళాలు కిందికి, ఇంకోవైపు 2.3 అంగుళాలు పైకి, మొత్తం నాలుగున్నర అంగుళాలకు పైగా వాలు. పైగా ఆ రెండో చక్రం పైకి కదలడానికి చోటు దాదాపు మిగలదు. ఆ ట్రైలర్‌లో పడుకుంటే రాత్రంతా గోడకు దొర్లుతూనే ఉంటారు.

ఇది విన్నాక ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. దగ్గర్లో వెల్డర్ ఉంటే ఆర్ము కోయించి రెండోవైపు అతికించమన్నాడు! టోర్షన్ యూనిట్‌లో స్ప్రింగు పని చేసేది గొట్టం లోపలి రబ్బరు కడ్డీలు. చతురస్రపు గొట్టానికీ లోపలి కమ్మీకీ మధ్య నొక్కుకుని ఉంటాయి. అక్కడ వెల్డింగ్ సెగ తగిలితే అవి పనికిరాకుండా పోతాయి. దీని మీద వేడి తగలనివ్వొద్దని మీ పెట్టెలో మీరే పెట్టిన కాగితంలో పెద్దక్షరాల్లో ఉంది. మీ కాగితం మీ ఉద్యోగులు చదవరు, నా ఫోటో మీ ఉద్యోగులు చూడరు. ఇక మీ దగ్గర ఏది చదువుతారో ఎవరు చూస్తారో చెప్పండి.

తర్వాత మొదలైంది అసలు తిప్పట. వారంటీ వాళ్లు ‘యూనిట్‌లో లోపం లేదు, మంచి కుడి యూనిట్ కదా, రిటర్న్స్‌కు వెళ్లండి’ అన్నారు. రిటర్న్స్ వాళ్లు ‘పెట్టె మీది నంబరు ఆర్డరుతో సరిపోయింది, ఇది వారంటీ సంగతి’ అన్నారు. మళ్లీ వారంటీకి వెళ్తే బిగించి చూశారా అని ఒక ప్రశ్న. బిగించలేదు అంటే, మరి తప్పని ఎలా తెలిసింది అన్నారు. బిగించి ఉంటే? బిగించినవి వెనక్కి తీసుకోరట! ఆ ఫారంలో చుక్క గుర్తు పెట్టిన గడి ఇంకొకటుంది: ట్రైలర్ వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు. ఇంట్లో కట్టిన ట్రైలర్‌కు ఆ నంబరు ఇచ్చేది రాష్ట్రం, అదీ కట్టడం పూర్తయ్యాక. చక్రాలే లేనిదానికి నంబరెలా వస్తుంది? ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఫారం కదలకపోతే ఎడమ యూనిట్ రాదు.

చివరికి ఒక సూపర్‌వైజర్ దయ తలచారు. పొరపాటైందని మాత్రం అనలేదు. ‘గుడ్‌విల్‌గా, అదనపు ఖర్చు లేకుండా’ 3,500 పౌండ్ల రేటింగు ఉన్న జత ఇస్తామన్నారు. ఎక్కువ బరువు మోసేది ఇస్తుంటే ఎందుకు వద్దంటున్నానో ఆవిడకు అర్థం కాలేదు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. హోండా సీఆర్-వీ లాంటి బండి లాగగలిగేది 1,500 పౌండ్లే. అందుకే తేలికగా కడతాం: ప్లైవుడ్ బదులు గోడలకూ కప్పుకూ ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి ఇన్సులేషన్ నురగ పలకలు). రెండంగుళాల మందం, నాలుగు బై ఎనిమిది అడుగుల షీటు 8 పౌండ్లకు అటూ ఇటూగా తూగుతుంది. అదే ముప్పావు అంగుళం ప్లైవుడ్ 60 పౌండ్లు దాటుతుంది. అలా పొదుపు చేసి మొత్తం 900 పౌండ్లలో ముగించాలని చూస్తే, దాని కింద 3,500 పౌండ్ల రబ్బరు పెడితే అది వంగనే వంగదు. ప్రతి గతుకూ నేరుగా గోడల అతుకుల్లోకి వెళ్తుంది. ఫోమ్ అతుకు ముందు మూలల దగ్గర వెంట్రుకవాసి చీలుతుంది, అందులోంచి వాన నీరు దిగుతుంది, కింద నేల ప్లైవుడ్ ఉబ్బుతుంది. తేలిక ట్రైలర్‌కు రేటింగు అసలు బరువుకు దగ్గరగా ఉండాలి, ఎక్కువైతే మేలు కాదు. నేను అడిగిన 1,200 పౌండ్ల రేటింగు ఇందుకే.

ఇది ఆవిడకు రాసి పంపితే జవాబుగా వచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?’

టికెట్ మూసేశారు. తెరిస్తే మళ్లీ మూసేశారు. ప్రతిసారీ కొత్త నంబరు, కొత్త మనిషి, మొదటి నుంచి మళ్లీ అదే పాట. పాత టికెట్‌లో ఫోటోలు ఉన్నాయి చూడండి అంటే, మూసిన టికెట్ మాకు కనబడదు సార్ అంటారు. మూసిందెవరు?

ఈలోపు ఇక్కడ పని ఆగింది. చక్రాల మీద నిలబెడితేగానీ ట్రైలర్ మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూడలేం. కప్లర్ (ట్రైలర్‌ను బండికి తగిలించే ముందు భాగం) బంతి మధ్య నుంచి రెండు స్పిండిళ్లకూ టేపుతో కొలిస్తే తేడా ఎనిమిదో వంతు అంగుళం దాటకూడదు. దాటితే ట్రైలర్ వంకరగా నడిచి టైర్లు ఒకవైపే అరుగుతాయి. నాలుక బరువు కూడా చక్రాలుంటేనే తెలుస్తుంది. మొత్తంలో 10 నుంచి 15 శాతం కప్లర్ మీద పడాలి, తగ్గితే హైవే మీద తోక ఊపడం మొదలవుతుంది. ఇవి తేలకుండా ఫోమ్ గోడల మీద కప్పే బట్ట అతికించలేను. అతికించకపోతే ఎండకు ఫోమ్ పైపొర పసుపెక్కి పొడిగా రాలుతుంది, ఆ పొడి మీద జిగురు పట్టదు. అది గీకి మళ్లీ ఇసుక కాగితం వేయాలి. ఇంకా ఆలస్యమైతే చలికాలం. బట్టకు వాడే టైట్‌బాండ్ 2 జిగురుకు 55 ఫారన్‌హీట్ డిగ్రీలన్నా ఉండాలి, అంతకంటే చల్లబడితే సుద్దలా తెల్లబడి విడిపోతుంది. డాలస్‌లో జనవరిలో గరాజ్ ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు, మీ ఆఫీసులో హీటర్ ఉంటుందిగా.

కప్లర్ మీ దగ్గరే కొన్నాను. జాక్ మీదే, హబ్బులు మీవే, ఫెండర్లు మీవే. లైట్ల కిట్టూ మీదే: నాలుగు తీగల్లో తెల్లది, అంటే ఎర్త్ తీగ, జానెడే ఇచ్చారు. ట్రైలర్ లైట్ల తగాదాలు చాలావరకు అక్కడే మొదలవుతాయని తెలిసీ, నోరెత్తకుండా, వెనకలైట్ల దాకా వేరే తెల్ల తీగ నేనే లాక్కున్నాను. కొత్తగా ట్రైలర్ కడదామని ఎవరడిగినా మీ పేరే చెప్పాను. ఇప్పుడూ చెప్తున్నాను, ఇంకో రకంగా.

కార్డు కంపెనీకి వివాదం రాతపూర్వకంగా ఇప్పటికే పంపాను. బిల్లు పంపిన 60 రోజుల్లో వాళ్లకు చేరాలని చట్టం, ఆ గడువు దాటించాలనే మీ సాగదీత అనుకుంటే అది ఫలించలేదు. రాష్ట్ర అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు సిద్ధంగా ఉంది. 20,000 డాలర్లలోపు తగాదాలకు టెక్సస్‌లో జస్టిస్ కోర్టు ఉంది, లాయరు అక్కర్లేదు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి. కుడి యూనిట్ మీద ‘ఎడమ’ అని స్టిక్కరు వేసిన పెట్టె నాకొక్కడికే వచ్చిందా? మీ మాట నమ్మి దాన్ని తిప్పి బిగించి, పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కినవాళ్లు ఎందరున్నారు? ఈ ప్రశ్న జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏకు కూడా పంపుతాను. వాళ్లు టికెట్లు ఇంత తేలిగ్గా మూయరు.

డబ్బు వాపసు, కూపను, నక్షత్రాలు నాకేమీ వద్దు. 1,200 పౌండ్ల ఎడమ యూనిట్ ఒకటి, 22.5 డిగ్రీలు కిందికి, పాతదాని రవాణా ఖర్చు మీరే పెట్టుకుని. దాంతోపాటు ఒక మనిషి ఫోన్ చేయాలి, ఫోటో ముందు పెట్టుకుని. పెట్టె మీద ఏం రాసినా ఫరవాలేదు, పంపేముందు తెరిచి ఆర్ము ఎటుందో చూడమని గోదాములో చెప్పండి.

ఇట్లు,
మూసేసిన టికెట్ల యజమాని