పన్ను రసీదు చూసి పాత ఇల్లు కొనకండి

సంపాదకులు గారికి,

సింగరేణి ఊళ్లలో పాత ఇల్లు అమ్మకానికి వస్తే ముందు బయటికి తీసేది ఇంటిపన్ను రసీదుల కట్ట. ‘తాతల నాటి నుంచి కడుతున్నాం, ఇంకేం కావాలి’ అంటారు. పన్ను ఎవరు కట్టారో రసీదు చెబుతుంది, జాగా ఎవరిదో చెప్పదు. కొత్తగూడెం, ఇల్లెందు, బెల్లంపల్లి, మందమర్రి లాంటిచోట్ల గోడల చరిత్ర వేరు, నేల చరిత్ర వేరు.

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో ఎక్కువ వాటాలు నిజాం సర్కారు కొంది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం. కాగితం మీద యజమాని పేరు ఎన్నిసార్లు మారినా కంపెనీ జాగా కంపెనీ జాగాయే. అందులో ఇల్లు కట్టుకున్నవాళ్లు తెల్లకాగితం మీదో, నోటరీ చేయించో చేతులు మార్చుకుంటూ వచ్చారు.

జాగా ఎవరిదో పాత రికార్డుల్లో వెతకడం సర్వే నంబరుతో మొదలుపెట్టాలి. మున్సిపల్ ఇంటి నంబర్లు మారుతుంటాయి, వాటిని నమ్ముకుంటే దారి తప్పుతాం. తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డు) నకలు తీసి పట్టాదారు గడిలో ఏముందో చూడాలి. అంతకు ముందుది సేత్వార్, అంటే మొదటి భూమి సర్వే రికార్డు, ఉర్దూలో ఉంటుంది. అందులోని ఫసలీకి, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరానికి, 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. పాతది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి ఇండెక్స్ పుస్తకాలు వెతికించాలి. ఆస్తి వివరంతోనే కాక అమ్మినవాళ్ల పేరుతోనూ వెతికించాలి. కొత్త ఇంటి నంబరు ఇస్తే ‘నిల్’ అని వస్తుంది. రిజిస్టరైన కాగితం కనబడలేదనే దాని అర్థం, అయినా చాలామంది అది చూసి క్లియర్ అనుకుని బయానా ఇచ్చేస్తారు.

దస్తావేజులో హద్దులు నిదానంగా చదవాలి. తూర్పు కంపెనీ రోడ్డు, పడమర కంపెనీ జాగా, ఉత్తరం కూలీ లైన్లు (కార్మికుల ఇళ్ల వరుసలు) అని ఉంటే మధ్యలో ఉన్న ఈ ముక్క ఒక్కటే పట్టా ఎలా అయిందో అడగాలి. ‘రెండు గుంటలు’ అంటే 242 గజాలు. టేపు వేస్తే 200 గజాలే వస్తే మిగతాది రోడ్డులో కలిసిందో, పక్కింటివాళ్ల గోడ లోపలికి పోయిందో తేల్చుకున్నాకే ధర మాట్లాడాలి.

ఇల్లెందు ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం కాబట్టి అక్కడ స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు ఒకరి నుంచి ఒకరు కొన్నా 1970 ఫిబ్రవరి 3 తర్వాతిదైతే చెల్లదు. ఇల్లు కూడా స్థిరాస్తే, పొలాలకే ఆ చట్టం అనుకోవడం పొరపాటు. వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు. అందుకే కాగితం మీద మొదట చూడాల్సింది తేదీ.

కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లోని ఇళ్లకు జీవో 76 అనే ప్రభుత్వ ఉత్తర్వు కింద పట్టాలిచ్చారు. అలాంటి ఇంటికి పట్టా ఎవరి పేరున వచ్చిందో, ఏ షరతులతో వచ్చిందో చూడాలి. రిటైరైన కార్మికుడు ‘అమ్మే’ క్వార్టర్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, అతనికిచ్చింది ఉండటానికి మాత్రమే.

ఏ సర్వే నంబరు కంపెనీ దగ్గరుంది, ఏది అప్పగించారు, ఏది పట్టా అన్న వివరం కంపెనీ ఎస్టేట్ విభాగం దగ్గర కొంత, రెవెన్యూ దగ్గర కొంత ఉంది. రిజిస్ట్రేషన్ మాత్రం మరోచోట జరుగుతుంది. ఈ మూడు ఆఫీసులూ కలిసి సర్వే నంబర్ల వారీ జాబితా, మ్యాపు తయారుచేసి ప్రతి మున్సిపల్ ఆఫీసులో గోడకు అంటించాలని, మార్పు జరిగినప్పుడల్లా సరిచేయాలని కోరుతున్నాం.

– కొందరు దస్తావేజు లేఖరులు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా