నువ్వు చూడమన్న ప్లాటు సంగతి

ఒరేయ్ శ్రీనూ,

ఎట్లా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? నువ్వు పంపిన బ్రోచర్ పట్టుకుని హసన్‌పర్తి దిక్కు వెళ్లొచ్చాను. ముందే చెప్తున్నా, అడ్వాన్స్ ఇవ్వకు. కోపం తెచ్చుకోకుండా మిగతాది చదువు.

'లేక్ వ్యూ' అని రాశారు కదా, వ్యూ ఏంట్రా, ప్లాటే చెరువులో ఉంది! నల్లమట్టి మీద ఎర్రమొరం పోసి రోలర్ తిప్పారు. మొరం పలచబడ్డ చోటల్లా తుంగ మళ్లీ మొలుస్తోంది. హద్దురాయి పక్కన కాలితో గీరితే నత్తగుల్లలు బయటపడ్డాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) పోస్తే నీళ్లు దిగే కాలువ ఉంది చూడు, దాన్ని పూడ్చి రోడ్డేసి, కింద ఒకే ఒక్క సిమెంటు పైపు పెట్టారు. ఆ పైపులో అప్పుడే సగం చెత్త.

"ఏండ్ల సంది ఇక్కడికి నీళ్లే రాలే అన్నా, పైగా పట్టా భూమి" అన్నాడు బ్రోకర్. పట్టా మాట అబద్ధం కాకపోవచ్చు. శిఖం పట్టాలని, అంటే చెరువు లోపలి భూమికి ఇచ్చిన పట్టాలు, మన దగ్గర ఉన్నాయి కదా. నీళ్లు తగ్గినప్పుడు దున్నుకోవచ్చు, నిండినప్పుడు చెరువుకి వదిలెయ్యాలి. కట్టడాలు మాత్రం కుదరవు. శిఖం దాటితే పని అయిపోదు, పాతిక ఎకరాలు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే అంచు నుంచి, 30 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి, చిన్నవాటికి 9 మీటర్లు. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి. కరువొచ్చి నీళ్లు వెనక్కి పోయిన ఏడాది మొరం టిప్పర్లు దిగుతాయి.

కాకతీయులు చెరువుల్ని గొలుసుకట్టుగా కట్టింది ఊరికే కాదు. పైది నిండితే మత్తడి దుంకి కిందిదాన్ని నింపుతుంది. నడుమ ఒక్క కాలువ మూసినా కింద చెరువు ఎండుతుంది, పైన కాలనీ మునుగుతుంది. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీల్లో పడవలు తిరగడం టీవీలో నువ్వూ చూశావు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత వానకి ఏ ఏర్పాటైనా తట్టుకోవడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ మనం మునగడానికి అంత అవసరం లేదు, మామూలు ముసురు చాలు.

చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయలో 2015 నుంచి పూడిక తీశారు, ఆ మట్టి చేలకి పోయింది, మంచిదే. నాకైతే కాలువల హద్దులు కూడా అప్పుడే గట్టిగా పాతాల్సింది అనిపిస్తుంది. ఎంత పూడిక తీసినా నీళ్లొచ్చే దారి లేకపోతే ఏం లాభం? పాఖాల చెరువు చూడు. గణపతిదేవుడి కాలం నాటిది, చుట్టూ అడవి ఉంది కాబట్టి ఇప్పటికీ అంత సొగసుగా ఉంది. ఆ అడవి 1952 నుంచి అభయారణ్యం. చెట్ల వేర్లు మట్టిని పట్టుకుంటే పూడిక కూడా తక్కువే కదా.

మన ఊరి బంచరాయి, అదే పశువులు మేసే ఊరుమ్మడి భూమి, గుర్తుందా? సబ్‌స్టేషన్‌కి కొంత, ఇండ్ల జాగాలకి కొంత, మిగిలిందాంట్లో ఎవరి పత్తి వాళ్లది. ఊరికి ఏది కావాలన్నా ముందు గుర్తొచ్చేది సర్కారు భూమే, అది నిజం. సబ్‌స్టేషన్ వద్దని నేనూ అననురా. కానీ గొర్లు మేపేవాళ్లని ఎవరూ అడగలేదు, వాళ్లిప్పుడు మందల్ని తోలుకుని అడవి దిక్కు పోతున్నారు, అక్కడా జరిమానాలే. ఊరుమ్మడి భూముల్లోంచి కబ్జాదారుల్ని ఖాళీ చేయించమని 2011లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన దగ్గర ఒక్క మేక కూడా దాని వల్ల లాభపడ్డట్టు నాకు కనిపించలేదు.

సరే, అసలు పనికొద్దాం. సర్వే నంబరు వాట్సాప్‌లో పెట్టు, ఇరిగేషన్ ఆఫీసులో ఎఫ్‌టీఎల్ మ్యాప్ అడిగి చూస్తా. ఎల్‌ఆర్‌ఎస్ కింద ప్లాటుని రెగ్యులరైజ్ చేయిస్తామని బ్రోకర్ ఫోన్ చేస్తే నమ్మకు, శిఖం భూమికి అది వర్తించదు. కాజీపేట దిక్కు ఎత్తు మీద ఒక పాత ఇల్లు అమ్మకానికి ఉందట. బ్రోచర్ లేదు, గేటు కూడా లేదు. దసరాకి వస్తే ఇద్దరం పోయి చూద్దాం.

నీ
రమేశ్