నాన్నగారి బి-275కి కవరు కుట్టించాం, సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు

వాడకుండా షెడ్డులో పెట్టిన పాత ట్రాక్టర్‌కి ఎలాంటి కవరు కప్పాలని నేను అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా చెబుతారని అనుకోలేదండీ. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం కుదరడం లేదు, అందుకే ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాను. కవరు వచ్చేసింది, తొలకరికి ముందే బండికి తొడిగేశాం.

బండి సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నాన్నగారు డెబ్బైల్లో కొన్న బి-275 అది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1958లో ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో మొదలుపెట్టిన మోడల్, 1963లో మహీంద్రా వాళ్లతో కలిసి ఇక్కడ కంపెనీ పెట్టాక మన దేశంలోనూ తయారైంది. దమ్ము చక్రాలు బిగించుకుని మా చేలే కాదు, చుట్టుపక్కల ఎంతమంది చేలు దమ్ము చేసిందో. ఇప్పుడు నరసాపురం దగ్గర మా ఊళ్లో రేకుల షెడ్డులో ఉంది. షెడ్డుకి రెండు వైపులా గోడ లేదు, సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలి ఏడాదంతా తగులుతూనే ఉంటుంది. ఇంజన్ సామాను ఎలాగోలా దొరుకుతుంది గానీ అప్పటి బానెట్ రేకు, ముందు జాలీ, లైట్ల రింగులు పోతే మళ్లీ తెచ్చుకోలేం, నా టెన్షనంతా వాటి గురించే.

మొదట ధాన్యం మీద కప్పే బరకం కప్పేద్దామన్నారు ఇంట్లోవాళ్లు. వాన చుక్క దిగదు, ధర తక్కువ, ఊళ్లోనే దొరుకుతుంది. వద్దని గట్టిగా ఆపింది ఆటోనగర్‌లో ఇంజన్ పని చేసే పెద్దాయన. ఆయన చెప్పిన కారణం ఇది: పోత ఇనుము బరువైన సరుకు, రాత్రి చల్లబడితే పొద్దెక్కినా తొందరగా వేడెక్కదు, చుట్టూ గాలి వెచ్చగా తేమగా అయ్యేసరికి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు ఇంజన్‌కి చెమట పడుతుంది. నేలలోంచి లేచే ఆవిరి దానికి తోడు. బరకం కింద అదంతా పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది, తుప్పు పట్టేది అలాగే. వాన పడే ఆరుబయటైతే బరకం తప్పదు, షెడ్డు నీడలో ఉన్న బండికి మాత్రం గాలాడే బట్టే కావాలన్నారాయన. మీకు చాలా రుణపడి ఉన్నాను బాబాయి గారూ, ఈ మాట వినకపోయి ఉంటే ఈ పాటికి బరకమే కప్పి ఉండేవాళ్లం.

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో అదేనని, ఎక్కువైతే బట్ట మందం గానీ గాలి ఆడుతుందని కాదని విడమరిచి చెప్పిన తమ్ముడికి కూడా థాంక్స్. షాపులో ఆ అంకె ఒక్కటే చూపించి అమ్మేస్తారు. చివరికి నీరు పట్టని మందు వేసిన నూలు కాన్వాస్ తీసుకున్నాం.

ఇక కుట్టిన మేస్త్రి గురించి చెప్పకుండా ఉండలేను. కొలతలు ఫోన్‌లో చెబుతానంటే ఒప్పుకోలేదు, బండి దగ్గరికే వచ్చారు. కాన్వాస్ బండి మీద పరిచి, ఎక్కడ ఒరుసుకుంటుందో అరచేత్తో తడుముతూ సుద్దముక్కతో గుర్తులు పెట్టారు: సైలెన్సర్ గొట్టం కొస, స్టీరింగ్ అంచు, రెండు లైట్లు, మడ్‌గార్డుల మూలలు. ఆ చోటల్లా లోపల రెక్సిన్ ముక్క వేసి రెండు వరసలు కుట్టారు. గాలికి కవరు కొట్టుకుంటే లోపలివైపే రంగు గీరుకుపోతుందని బానెట్ మీదికొచ్చే భాగానికి మెత్తటి పాత నూలు దుప్పటి అస్తరు వేశారు. అంచు నేలకి జానెడు పైనే ఆపారు, గాలి కింద నుంచి దూరి పోవాలి కదా. ఇంత పనికి ఆయన అడిగిన కూలి చాలా తక్కువ, ఇంకొంచెం ఇస్తానంటే తీసుకోలేదు.

కప్పేముందు ఏం చేయాలో చెప్పినవాళ్లూ ఉన్నారు. బండి కడిగిన రోజే కప్పొద్దని, పూర్తిగా ఆరాక, ఇంజన్ చల్లబడ్డాకే కప్పమని, డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ పట్టే చోటు ఉండదని, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టుకోమని. అన్నీ చేశాం. సైలెన్సర్ మూతికి రేకు డబ్బా బోర్లించాం. ఎలుకలు దూరకుండా గాలి పీల్చే గొట్టానికి సన్నజాలీ కట్టమన్న అక్కా, అది కూడా అయింది. స్టార్ట్ చేసేముందు తీయాలని మర్చిపోకుండా స్టీరింగ్‌కి చీటీ కట్టాను.

ఎండ కాసిన రోజు కవరు కాసేపు తీసి ఆరనివ్వమని దాదాపు అందరూ చెప్పారు, ఆ పని ఊళ్లో ఉన్న మా పెదనాన్న కొడుకు తన మీద వేసుకున్నాడు. టైర్ల మీద బరువు పడకుండా ఇరుసుల కింద దిమ్మలు పెట్టడం ఒక్కటే మిగిలింది, కార్తీకంలో ఊరెళ్లినప్పుడు చేస్తాం. ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లెవరికైనా మేస్త్రి గీసిన కొలతల కాగితం కావాలంటే అడగండి, ఫొటో తీసి పంపిస్తాను.